వచ్చినోళ్లతో కాదు, రానోళ్లతోనే వరంగల్‌కు తంటా

వరంగల్ పక్కన మామునూరులో విమానం ఇంకా దిగలేదు. నిజాం కాలం నాటి ఆ ఎయిర్‌పోర్టులో 1981 నుంచి విమానాల్లేవు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. 253 ఎకరాల భూసేకరణ పంచాయితీ ఎట్లా నడిచిందో పేపర్లు చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రన్‌వే సంగతి ఏమైనా గజం ధర మాత్రం అప్పుడే గాల్లోకి లేచింది. ఎందుకు లేచిందని హనుమకొండ చౌరస్తాలో ఎవరిని కదిపినా జవాబు ఒకటే: "హైదరాబాదోళ్లు వచ్చి కొంటున్నరు సార్."

కొంటున్నారు, నిజమే. వస్తున్నారన్నదే అబద్ధం.

అసలు ఎవరూ రాలేదని కాదు. కరోనాలో లాప్‌టాప్ సంచితో ఇంటికొచ్చి, ఆఫీసు రమ్మనేదాకా అమ్మ చేతి వంట తింటూ పనిచేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు. 2020లో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచినప్పుడు ఇక ఇక్కడే ఉండిపోవచ్చని ఆశపడ్డవాళ్లున్నారు. కూకట్‌పల్లిలో ఫ్లాటు అమ్మి, ఆ ట్రాఫిక్‌కో దండం పెట్టి, వడ్డేపల్లి చెరువు గాలికి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఉద్యోగులున్నారు. వాళ్లవల్ల ధర పెరగదని నేననను. హైదరాబాద్‌లో ఎనభై లక్షలకు ఫ్లాటు అమ్ముకున్న మనిషికి ఇక్కడ యాభై ఐదు లక్షల ఇల్లు చవగ్గానే కనిపిస్తుంది. బేరం ఆడాలన్న కసి ఉండదు. అదే ఇంటి కోసం ఇక్కడి ప్రైవేటు కాలేజీ లెక్చరర్ నలభై లక్షల లోన్ తీసుకుంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లపాటు నెలకు దాదాపు 34,700 రూపాయల కిస్తీ కట్టాలి. మన కాలేజీల్లో చాలామంది జీతమే అంత ఉండదు.

లోకమంతా చెప్పుకునే కథ ఇదే. కరోనా కాలంలో కాలిఫోర్నియా నుంచి జనం ఇడాహోలోని బాయిసీకి తరలిపోతే, ఇండ్ల ధరలు అందక అక్కడి స్థానికులు కాలిఫోర్నియా వాళ్లను తిట్టిపోశారు. సెలవుల ఇండ్లు కొని ఏడాదిలో పదిరోజులు మాత్రమే ఉండి పోయేవాళ్లతో విసిగిన బ్రిటన్‌లోని వేల్స్ ప్రభుత్వం, 2023 ఏప్రిల్ నుంచి అలాంటి ఇండ్ల మీద మూడు వందల శాతం దాకా అదనపు పన్ను వేసుకునే అధికారం స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చింది. వరంగల్ పరిస్థితి బాయిసీలా ఉందనుకుని మనం వచ్చినవాళ్ల మీద కోపం పెంచుకుంటున్నాం. నిజానికి మనది వేల్స్ రోగం, ఇంకాస్త ముదిరిన రూపంలో. అక్కడ కనీసం ఇల్లన్నా ఉంటుంది. ఇక్కడ నాలుగు రాతి కడీలు, ముండ్ల తీగ, "ఈ స్థలం ఫలానావారిది" అని రాసిన ఒక బోర్డు.

వీటికి రుజువేమిటంటారా? కిరాయిని అడగండి. జనం నిజంగా వచ్చి చేరితే మొదట పెరిగేది కిరాయే. వచ్చిన మనిషి మొదటి రోజే ఇల్లు కొనడు, ఏడాదో రెండేళ్లో పోర్షన్ తీసుకుని ఉంటాడు. గోపాలపూర్, భీమారం, హసన్‌పర్తి వైపు తిరిగి టు-లెట్ బోర్డుల మీది నంబర్లకు ఫోన్ చేసి చూడండి. డెబ్బై లక్షలు పలికే ఇంటికి పన్నెండు వేలు కిరాయి వస్తే ఓనరు సంతోషిస్తాడు. అంటే ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు, పెట్టుబడి మీద రెండు శాతం. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినా అంతకు మూడింతలు వస్తుంది. ఇంట్లో ఉండేవాడు ఇచ్చే విలువ ఒకచోట ఉండిపోయి, కొనేవాడు పెట్టే ధర మరోచోటికి పోయిందంటే, ఆ ధరను నడిపిస్తున్నది నివాసం ఉండే అవసరం కాదన్నట్టే. రేపు ఇంకొకడు ఇంకా ఎక్కువకు కొంటాడన్న నమ్మకమే నడిపిస్తోంది.

ఈ ఊరికి వలస కొత్తదా? వరంగల్ అంటేనే వచ్చినవాళ్ల ఊరు. భూపాలపల్లి నుంచి సింగరేణి కార్మికుడు వచ్చాడు, దసరాకు ముందు చేతికందే లాభాల వాటాను ఏడాదికింత దాచి నూట యాభై గజాలు కొన్నాడు. ములుగు, పరకాల, నర్సంపేట పల్లెల నుంచి పిల్లల చదువు కోసం ఎకరమో రెండెకరాలో అమ్ముకుని వచ్చిన కుటుంబాలకైతే లెక్కేలేదు. 1959లో ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాక ఎక్కడెక్కడి నుంచో అధ్యాపకులొచ్చి ఇక్కడివాళ్లే అయిపోయారు. వాళ్లు వచ్చిన ప్రతిసారీ ఊరు ఒక కాలనీ మేర పెరిగింది, కొత్తగా ఒక కిరాణం, ఒక బడి, ఒక పాలబూత్ వెలిశాయి. వాళ్ల సంపాదన, ఇక్కడివాళ్ల సంపాదన ఒకే తూకంలో ఉండేవి కాబట్టి బేరం సమానంగా సాగింది.

ఇప్పుడొచ్చే డబ్బు కథ వేరు. హైదరాబాద్ ఔటర్ పక్కన పొలం అమ్మిన రైతుకో, రైతు పేరుతో ఉన్న పెద్దమనిషికో కోట్లు వస్తాయి. పట్టణ పరిధిలోని సాగుభూమి అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను తప్పాలంటే రెండేళ్లలోపు మళ్లీ సాగుభూమి కొనాలి. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 54బి సెక్షన్ ఇచ్చిన వెసులుబాటు ఇది. రైతును ఆదుకోవడానికి పెట్టిన సెక్షనే, తప్పుపట్టను. కానీ దాని గడియారం టిక్‌టిక్‌మంటుంటే కొనేవాడు ధర చూడడు, తేదీ చూస్తాడు. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, ధర్మసాగర్ దాకా హైవే వెంట ఆ డబ్బు ఎట్లా పారిందో అక్కడి మధ్యవర్తులే చెబుతారు. పైగా 2018 నుంచి రైతుబంధు! ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేకుండా ఏళ్లతరబడి పెట్టుబడి సాయం అందింది. దున్నిన కౌలురైతుకు పైసా లేదు, ఫాంహౌస్ గేటుకు తాళం వేసిన ఆసామి ఖాతాలో మాత్రం సీజన్ సీజన్‌కూ డబ్బు పడింది. ఖాళీగా పెట్టుకున్నందుకు మనమే ఎదురు కట్నం ఇచ్చాం.

ఇక బయానా వ్యాపారం చూడండి. ఒకడు కొద్దిపాటి బయానా ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంట్ రాయించుకుంటాడు. రిజిస్ట్రేషన్ చేసుకునే ఉద్దేశం వాడికి ఎన్నడూ లేదు. నెల తిరగకముందే గజానికి వెయ్యో రెండు వేలో కలిపి రెండోవాడికి, వాడు మూడోవాడికి. చివరి మనిషి పేరుమీద ఒకేసారి రిజిస్ట్రేషన్. ప్రభుత్వానికి ఏడున్నర శాతం ఒక్కసారే, ధర మాత్రం మూడు మెట్లు ఎక్కింది. ఆ చివరి మనిషి ఎవరో తెలుసా? నిజంగా ఇల్లు కట్టుకుందామనుకున్న మన లెక్చరరో, ఆర్టీసీ కండక్టరో.

వాళ్లకు ఇంకో దెబ్బ కూడా ఉంది. కాగితం మీద ఒక ధర, చేతులు మారేది ఇంకో ధర. బ్యాంకు లోనిచ్చేది కాగితాన్ని చూసి. మిగతాదంతా నోట్ల కట్టల్లో తేవాలి. జీతగాడి దగ్గర కట్టలెక్కడివి? అమ్మేవాడు ఎవరి వైపు మొగ్గుతాడో వేరే చెప్పాలా? స్థానికుడు ఓడిపోతున్నది హైదరాబాద్ జీతం ముందు కాదు, లెక్కలోకి రాని నగదు ముందు.

దీనికి ఎదురు వాదన ఉంది, గట్టిదే. ధర పెరిగితే భూమి ఉన్న స్థానిక రైతు బాగుపడ్డాడు కదా, బిడ్డ పెళ్లి చేశాడు, కొడుకును అమెరికా పంపాడు, మేస్త్రీకి పని దొరికింది అంటారు. ఒప్పుకుంటాను. అయితే చాలామంది రైతులు అమ్మింది ధర లేవకముందే. లాభంలో పెద్దముక్క తిన్నది మధ్యలో చేతులు మారినవాళ్లు. ఇక మేస్త్రీ సంగతి: ఖాళీ ప్లాటు మేస్త్రీకి ఏం పనిస్తుంది?

నా అసలు కోపం కొనేవాళ్ల మీద కూడా కాదు, ప్రభుత్వాల మీద. ఏ పార్టీ వచ్చినా తెలంగాణలో అభివృద్ధికి కొలమానం గజం రేటే. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిందని ఒక ప్రభుత్వం చంకలు గుద్దుకుంది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో 177 కోట్లు పలికిందని ఇంకో ప్రభుత్వం మురిసిపోయింది. సర్కారే వేలంపాట నిర్వాహకుడైతే ధర తగ్గాలని ఎవరు కోరుకుంటారు? అక్కడ పొంగిందే నూట నలభై కిలోమీటర్లు దొర్లి ఇక్కడికొస్తోంది. ఉద్యోగాలు మాత్రం ఆ వెంట దొర్లి రావడం లేదు. 1934లో మొదలై వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఆ నేల ఏమైంది? ప్లాట్లయింది. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు పోయిన బాధ నాలుగు దశాబ్దాలుగా మోస్తున్నాం, 2023 జులైలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగితే మొదట వెలసింది రియల్ ఎస్టేట్ బ్రోచర్లు. గీసుగొండ, సంగెంలో టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాదిరాయి పడ్డప్పుడూ అంతే. ఈ ఊళ్లో పరిశ్రమ రాకముందే దాని పేరుమీద భూమి అమ్ముడవుతుంది. తీరా వచ్చిన పరిశ్రమకు దాని కార్మికుడు ఉండటానికి అందుబాటులో ఇల్లుండదు.

ఆ ప్లాట్లలో కొన్ని ఎక్కడున్నాయో వాన పడ్డప్పుడు తెలుస్తుంది. కాకతీయులు గొలుసుకట్టుగా తవ్వించిన చెరువుల శిఖం (నీళ్లు నిలిచే నేల) మీదా నాలాల మీదా గీతలు గీసి అమ్మారు. 2020లో నయీంనగర్, 2023 జులైలో భద్రకాళి చెరువు గండి, 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు మళ్లీ హంటర్ రోడ్. ప్లాటు కొని హైదరాబాద్‌లో కూర్చున్నవాడి ఇంట్లోకి నీళ్లు రాలేదు. పక్కన కిరాయికి ఉన్నవాడి బియ్యం తడిసింది.

చేయాల్సింది కనిపెట్టాల్సిన పనేమీ లేదు. ఖాళీ స్థలం పన్ను ఇప్పటికే ఉంది. దాన్ని ఏడాదికేడాది పెరిగేట్టు మార్చి, ఇల్లు కట్టినరోజు ఎత్తేయండి. స్వయంగా ఉండటానికి కొనే మొదటి ఇంటికి మినహాయింపు ఇవ్వండి, వాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చినా హసన్‌పర్తి నుంచి వచ్చినా. బయానా అగ్రిమెంట్ చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టర్ చేయించండి.

ఎవరి దగ్గర ఎంత ఖాళీ ఉందో తెలియదని అధికారులు తప్పించుకోవడానికి లేదు. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లున్నవాళ్లు 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కోసం రాష్ట్రమంతా కలిపి 25 లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టుకున్నారు. సర్వే నంబరు, గజాలు, ఫోన్ నంబరు అన్నీ వాళ్లే రాసిచ్చారు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మరీ ఫీజు వసూలు చేసుకున్న సర్కారుకు ఆ కాగితాలు ఇంకోరకంగా చదవడం రాదా? 2041 మాస్టర్ ప్లాన్ గురించి సభలు పెట్టే కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ), గ్రేటర్ కార్పొరేషన్ ముందు ఆ దరఖాస్తుల్లోంచి వరంగల్, హనుమకొండ, కాజీపేటవి విడదీసి, వాటిలో ఎన్నింటిలో ఇల్లు లేచిందో, ఎన్నింటిలో ఇంకా కడీలే ఉన్నాయో వార్డులవారీగా బయటపెట్టాలి.