ప్రింటర్ చెడిపోలేదు, డ్రైవర్ ఆపేశారు

కొత్త విండోస్ వేయగానే పాత ప్రింటర్ పనిచేయకపోతే అందరూ అనే మాట ఒకటే: "అది పాతదైపోయింది, తీసి పారెయ్." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దేవరకొండలో జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుకునేవాడిగా చెబుతున్నా, మూలకు పడేసిన ప్రింటర్లలో చాలావాటికి ఏ రోగమూ లేదు. పేపర్ లాగుతుంది, డ్రమ్ తిరుగుతుంది, ఫ్యూజర్ వేడెక్కుతుంది, అక్షరం నల్లగా పడుతుంది. లేనిదల్లా కొత్త సిస్టమ్‌కు సరిపోయే డ్రైవర్, అంటే కంప్యూటర్ చెప్పేది ప్రింటర్‌కు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామ్. అది రాసి ఇవ్వాల్సింది కంపెనీ. వాళ్లు రాయడం మానేస్తే ఆ ఖర్చు మనం భరించాలట!

మా షాపులో ఉన్న చిన్న లేజర్ ప్రింటర్ సంగతే చెబుతా. కంపెనీ పేరు రాయను. ఏ ఊళ్లో ఏ జిరాక్స్ షాపుకు పోయినా కౌంటర్ వెనక కనపడే రకమే. పికప్ రోలర్ అరిగితే మార్పించాం, టెఫ్లాన్ చిరిగితే మార్పించాం, టోనర్ మేమే నింపుకుంటాం. దాని విడిభాగాలు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. క్యాస్ట్ సర్టిఫికెట్లు, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు, పహాణీలు, ఇంటర్ పిల్లల హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు అన్నీ దాని మీదే తీశాం. మా ఇంట్లో పూట గడిచింది కూడా దాని మీదే.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. షాపు సిస్టమ్‌లో రోజూ జనాల ఆధార్ పీడీఎఫ్‌లు, బ్యాంకు కాయితాలు తెరుస్తాం. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్‌ను నెట్‌కు పెట్టి వాళ్ల వివరాలతో ఆడుకోవడం నా వల్ల కాదు. అందుకే కొత్త సిస్టమ్ తెచ్చి విండోస్ 11 వేయించాం. కేబుల్ గుచ్చితే యూఎస్‌బీ పరికరం ఏదో తగిలిందని శబ్దమైతే వచ్చింది. ప్రింటర్ల జాబితాలో మాత్రం పేరు లేదు.

అప్పుడే డిండి దిక్కు తండా నుంచి వచ్చిన ఒక పెద్దాయన కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. "కొడుకా, ఆ కాయితం జర జల్ది తియ్యి. ఈ బస్సు పోతే మళ్ల సాయంత్రం దాంక లేదు" అన్నాడు. "ఆగు తాతా, మిషన్ పట్టుకుంటలేదు" అని పక్క షాపుకు పంపించాను. ఆయనకు కావాల్సింది ఒకే ఒక్క పేజీ.

కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సార్, ఆ మోడల్ సపోర్ట్ అయిపోయింది. కొత్త మోడల్ మీద ఆఫర్ నడుస్తోంది" అంది. ఆమెను అనడానికేం లేదు, ఆమె ముందున్న తెర మీద ఏముంటే అదే చదువుతుంది. పైన కూర్చుని ఆ వాక్యం రాయించినవాళ్ల మీదే నా కోపం.

అసలు ఏం జరుగుతోందో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే చాలామంది షాపులవాళ్లకు ఇది తెలియక మంచి మిషన్లను పాత ఇనుపసామానోడికి తూకానికి ఇచ్చేస్తున్నారు.

విండోస్‌లో 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలున్నాయి, ఒకసారికి ఎంత పెద్ద లెక్క పట్టగలదనేదే తేడా. మా పాత సిస్టమ్‌లో ఉన్నది 32 బిట్ విండోస్ 10. విండోస్ 11లో 32 బిట్ అన్నదే లేదు, ఉన్నదంతా 64 బిట్. 64 బిట్ విండోస్ 32 బిట్ ప్రింటర్ డ్రైవర్‌ను తీసుకోదు. కంపెనీ ఈ మోడల్‌కు 64 బిట్ డ్రైవర్ చేయలేదు. ఇంతవరకు చాలామందికి తెలుసు. దీని వెనక ఇంకొకటి ఉంది.

ఈ చవక లేజర్ ప్రింటర్లలో చాలావాటికి సొంత బుర్ర ఉండదు. మా మిషన్ అయితే స్విచ్ వేయగానే పచ్చ లైటు కొట్టుకుంటూ ఎదురుచూస్తుంది. డ్రైవర్ కంప్యూటర్‌లో నుంచి ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ప్రింటర్‌లోకి పంపిస్తుంది. అప్పుడు గానీ అది ప్రింటర్‌గా లేచి కూర్చోదు. కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటి నుంచి. పేజీని చుక్కలు చుక్కలుగా మార్చే పని కూడా కంప్యూటరే చేసి, కంపెనీకి మాత్రమే తెలిసిన పద్ధతిలో మడతపెట్టి పంపుతుంది. ప్రింటర్‌లో మెమరీ, ప్రాసెసర్ ఖర్చు తగ్గించడానికి ఇలా చేశారు. మనకూ చవకగా వచ్చింది కాబట్టి కొన్నాం. కానీ మిషన్ బుర్ర మన సిస్టమ్‌లో ఉంది, ఆ బుర్ర గడువు మాత్రం కంపెనీ చేతిలో ఉంది. ఈ సంగతి అమ్మేటప్పుడు ఏ డబ్బా మీదా రాయలేదు.

దీనికంటే ఎంతో పాతవైన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లను, అంటే సూదులతో రిబ్బన్ మీద కొట్టి అక్షరాలు వేసేవాటిని చూడండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర కాంటాల మీద వడ్ల లారీ ఎక్కగానే కర్రుకర్రుమని చప్పుడు చేస్తూ తూకం చీటీ కొట్టేది అవే. కింద కార్బన్ కాపీ కూడా పడాలి కాబట్టి అక్కడ లేజర్ పనికిరాదు. వాటిలో చాలావాటికి ఎప్సన్ అనే ప్రింటర్ కంపెనీ తెచ్చిన ఆదేశాల పద్ధతి అర్థమవుతుంది. ఆ ఆదేశాలన్నీ మాన్యువల్‌లోనే అచ్చు వేసి ఇచ్చేవాళ్లు. 27, 69 అనే రెండు సంఖ్యలు పంపితే అక్షరం లావుగా పడుతుంది. 27, 70 పంపితే మామూలుగా పడుతుంది. అంతే! అందులో దాపరికం లేదు. అందుకే విండోస్‌లో ఇప్పటికీ ఉన్న జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ అనే, ఉత్తి అక్షరాలు మాత్రమే పంపే డ్రైవర్ పెట్టినా అది పనిచేస్తుంది. ఈ ప్రింటర్ల కేబుల్ గుచ్చే పాత ప్యారలల్ పోర్టు కంప్యూటర్‌కు లేకపోతే యూఎస్‌బీ మార్పిడి కేబుల్ తగిలించి నడిపిస్తున్నారు. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అనే ప్రింటర్ భాషలు కూడా 1980ల నాటివే. అవి అర్థమయ్యే లేజర్ ప్రింటర్ ఎంత పాతదైనా విండోస్‌లోనే ఉన్న క్లాస్ డ్రైవర్‌తో, అంటే ఒకే భాష మాట్లాడే ప్రింటర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న డ్రైవర్‌తో చాలావరకు లేస్తుంది.

అంటే 1980ల నాటి పద్ధతిలో చేసిన మిషన్ ఇప్పటికీ బతికి ఉంది, దాని తర్వాత ఎన్నో ఏళ్లకు చేసింది చచ్చింది. వయసు వల్ల కాదు. భాష దాచిపెట్టడం వల్ల. బోరులో నీళ్లున్నాయి, మోటారు బాగుంది, స్టార్టర్ తయారు చేయడం మానేశాం కాబట్టి బోరు పూడ్చేయమంటే ఏ రైతన్నా ఊరుకుంటాడా?

డ్రైవర్లను కట్టడి చేయడంలో మైక్రోసాఫ్ట్ వైపు వాదన కూడా ఉంది, అందులో న్యాయం ఉంది. 2021లో ప్రింట్ నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడింది. ప్రింట్ కొట్టిన పనులను వరసలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్రింట్ స్పూలర్ అనే విండోస్ భాగం సిస్టమ్ మొత్తం మీద అధికారంతో నడుస్తుంది. డ్రైవర్ పేరుతో దొంగ ప్రోగ్రామ్‌ను లోపలికి పంపితే ఆ సిస్టమ్ పంపినవాళ్లదైపోతుంది. దాన్ని మూసే క్రమంలో వరసగా అప్‌డేట్లు వచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన అప్‌డేట్ తర్వాత ఒక సిస్టమ్‌కు ప్రింటర్ పెట్టి మిగతా సిస్టమ్‌లకు షేర్ చేసుకునే చాలా షాపుల్లో చివర 11బి అని ఉండే ఎర్రర్ మొదలైంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే పోతుందని వీడియోలు చెబుతాయి. పోతుంది, నిజమే. దాంతోపాటు ఆ రక్షణ కూడా పోతుంది. జనాల ఆధార్ కాపీలుండే సిస్టమ్‌లో ఆ పని చేయకండి.

2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఇంకో ప్రకటన చేసింది. కంపెనీల సొంత ప్రింటర్ డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం దశలవారీగా తగ్గిస్తారు. 2026 నుంచి కొత్త డ్రైవర్లు అందులో పెట్టరు, 2027 జులై నుంచి సెక్యూరిటీ సవరణలు తప్ప వేరే మార్పులు తీసుకోరు. ఏ కంపెనీ ప్రింటర్‌తోనైనా నెట్‌వర్క్ మీద ఒకే తీరుగా మాట్లాడే ఐపీపీ అనే ఉమ్మడి పద్ధతికే పెద్దపీట. ప్రింటర్లన్నీ ఒకే భాష మాట్లాడటం మంచిదే, నేను ఒప్పుకుంటా. కంపెనీ సైట్ నుంచి దించుకున్న డ్రైవర్‌ను విడిగా వేసుకోవచ్చని కూడా చెప్పారు. కానీ ఆ సైట్‌లో ఆ ఫైల్ ఎన్నాళ్లుంటుంది? అది కంపెనీ ఇష్టం. అందుకే అడుగుతున్నా, మీ ప్రింటర్ పనిచేస్తూ ఉండగానే దాని డ్రైవర్‌ను కంపెనీ సైట్ నుంచే దించుకుని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్‌లో ఒక కాపీ పెట్టుకోండి. వెతికితే మొదట కనపడే డ్రైవర్ అప్‌డేటర్ సైట్ల జోలికి మాత్రం పోకండి, అక్కడి నుంచి వైరస్ తెచ్చుకున్న షాపులను చూశాను.

ఈ గొడవ మనతో మొదలైంది కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ల్యాబ్‌కు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. పేపర్ ఇరుక్కుంటే వాడేవాళ్లకు కబురు వెళ్లేలా పాత ప్రింటర్ ప్రోగ్రామ్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ మార్చుకుని ఉన్నాడు. కొత్త ప్రింటర్‌కూ అలా చేద్దామంటే సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో అది ఉన్న మనిషిని నేరుగా వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం చేశానన్నాడు. ఆ కోపం స్టాల్‌మన్‌లో అలాగే ఉండిపోయింది. ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్ తయారు చేసేందుకు 1983 సెప్టెంబర్‌లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి అదే మొదలు. ఒక ప్రింటర్ దగ్గర పుట్టిన పట్టుదల అది. ఇవాళ నా షాపు ప్రింటర్‌ను బతికించింది కూడా ఆ దారిలో నడిచినవాళ్లే.

ఎలాగంటే, పక్కన పెట్టేసిన పాత డెస్క్‌టాప్‌లో విండోస్ తీసేసి, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే సిస్టమ్ వేశాను. అందులో కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థ ఉంటుంది, 1999లో మొదటిసారి విడుదలైంది. మా మోడల్‌కు కంపెనీ సహాయం లేకుండానే, యూఎస్‌బీ కేబుల్‌లో ఏం పోతోందో గమనించి గమనించి ఎవరో పుణ్యాత్ములు డ్రైవర్ రాసి ఉచితంగా పెట్టారు. అది వేశాను. బ్రౌజర్‌లో 631 పోర్టు తెరిస్తే కప్స్ పేజీ వస్తుంది. అందులో ప్రింటర్‌ను చేర్చి, షేర్ అనే చోట టిక్ పెట్టాను. విండోస్ 11 సిస్టమ్‌లో ఐపీపీ అడ్రస్ ఇచ్చి కలిపాను. ఇప్పుడు కొత్త సిస్టమ్‌లో ప్రింట్ కొడితే పాత డెస్క్‌టాప్ అందుకుని ప్రింటర్‌కు ఇస్తుంది. పచ్చ లైటు కొట్టుకోవడం ఆగి, పేపర్ లోపలికి పోయి, వెచ్చగా బయటికొచ్చిన టెస్ట్ పేజీ చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

మహబూబ్‌నగర్‌లో డీటీపీ చేసే నా స్నేహితుడిది ఇంకో దారి. పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అనూ ఫాంట్స్ కోసం పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఒకటి అట్లాగే ఉంచుకున్నాడు. దానికి నెట్ కేబుల్ పీకేశాడు. పెళ్లి కార్డులు, కరపత్రాల పని అందులోనే. నెట్‌తో పని లేనివాళ్లకు అదీ సరైనదే. మీసేవ లాంటి పనులు చేసేవాళ్లకు కుదరదు.

కానీ ప్రతి షాపువాడూ లినక్స్ నేర్చుకోవాలా? స్కూల్లో ప్రింటర్ ఆగిపోతే హెడ్మాస్టర్ సారు కప్స్ పేజీ తెరుచుకుని కూర్చోవాలా? ఇక్కడే నాకు ప్రభుత్వంతో పని పడుతోంది. కొన్న వస్తువును మనమే బాగుచేయించుకునే రిపేరు హక్కు మీద కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది, ఆ డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి, వాటి జాబితాలో ప్రింటర్లు, కార్ట్రిడ్జ్‌లు ఉన్నాయి. బాగుంది. కానీ పాడైన తర్వాత ఎక్కడ పారేయాలనే దాని మీద ఉన్న శ్రద్ధ, పాడవనిదాన్ని ఎందుకు పారేయిస్తున్నారనే దాని మీద లేదు. రోలర్ ఎట్లా విడిభాగమో డ్రైవర్ కూడా అట్లాగే విడిభాగం. రోలర్ లేకపోతే పేపర్ కదలదు, డ్రైవర్ లేకపోతే మిషనే కదలదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పాత మోడల్‌కు జీవితాంతం డ్రైవర్లు రాస్తూ కూర్చోమని ఏ కంపెనీనీ అడగడం లేదు. మానేసిన రోజున ఆ ప్రింటర్ భాష ఏంటో ఒక పీడీఎఫ్‌లో రాసి బయట పెట్టమంటున్నా. ఫర్మ్‌వేర్ ఫైల్‌ను ఎవరైనా పంచుకోవచ్చని ఒక్క వాక్యం రాయమంటున్నా. వాళ్లు ఇక అమ్మని మోడల్ రహస్యం దాచుకుని వాళ్లకు ఒరిగేదేంటి? కొత్త ప్రింటర్ అమ్ముడుపోవడం తప్ప! ఆ కొత్తవాటిలోనూ కొన్నింట కార్ట్రిడ్జ్‌కు చిప్ పెట్టి, బయట నింపిస్తే పనిచేయకుండా చేస్తున్నారు. ఆ కథ ఇంకోసారి రాస్తా.

మండల ఆఫీసులకు, స్కూళ్లకు, కాలేజీలకు ప్రింటర్లు కొనే టెండర్లలో "పోస్ట్‌స్క్రిప్ట్ లేదా పీసీఎల్ లేదా ఐపీపీ ఎవ్రీవేర్ ఉండాలి" అని ఒక లైను చేరిస్తే చాలు. ఐపీపీ ఎవ్రీవేర్ అంటే కంపెనీ డ్రైవర్ లేకుండానే ఐపీపీతో పనిచేసే ప్రింటర్లకు ఉండే గుర్తు. ఈ పోస్ట్ చదివేవాళ్లలో కొనుగోలు ఫైళ్లు చూసే ఉద్యోగులుంటే ఆ ఒక్క లైను రాయండి సార్. షాపులవాళ్లు కూడా కొత్తది కొనేటప్పుడు ధర కంటే ముందు ఇదే అడగండి, స్పెసిఫికేషన్లలో ప్రింటర్ లాంగ్వేజ్ అని ఉండే చోట చూడండి. అక్కడ హోస్ట్ బేస్డ్ అనో, జీడీఐ అనో కనపడితే, బుర్ర కంప్యూటర్‌లోనే ఉండే రకమని అర్థం, ఎంత చవకైనా తీసుకోకండి.

ఇప్పటికే ఆగిపోయినవి ఉంటే అమ్మేయకండి. వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబర్, మీ విండోస్ ఏదో కామెంట్లో పెట్టండి. దానికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో చూసి చెబుతా. దేవరకొండ చుట్టుపక్కల వాళ్లయితే మిషన్ షాపుకే తీసుకురండి.