పికప్పులో రుబ్బురోలు

టెక్సాస్‌లో పదేళ్ళు కాపురం చేసినవాడికి ఎప్పుడో ఒకప్పుడు పికప్ ట్రక్కు మీద మనసు పోతుంది. నాకూ పోయింది. గడ్డి మోసే పని లేదు, పశువులు లేవు, పొలం లేదు. ఉన్నదల్లా డాలస్ శివార్లలో ఒక ఇల్లు, కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. నెలకొకసారి సోనామసూరి బస్తా తెచ్చుకోవడానికి ట్రక్కు తప్పదని మా ఆవిడతో వాదించి గెలిచాను. "సరే, మీ ఇష్టం" అంది. ఆ మాటకు అసలు అర్థం ఏమిటో పెళ్ళయినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

బండి వచ్చింది. నెల రోజులు బాగానే ఉంది. అప్పుడు ఎదురింటాయన కూడా ట్రక్కు కొన్నాడు. ఆయన దానికి పెద్ద టైర్లు వేయించాడు. ఆ ట్రక్కు పక్కన నాది పెళ్ళికొడుకు పక్కన తోడిపెళ్ళికొడుకులా కనబడసాగింది.

నా బండి టైర్ల మీద 265/70ఆర్17 అని ఉంటుంది. వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, లోపలి చక్రం 17 అంగుళాలు. అంటే మొత్తం వ్యాసం ముప్పయి ఒకటిన్నర అంగుళాల పైమాట. నేను 285/75ఆర్17 కావాలన్నాను. వ్యాసం దాదాపు 34 అంగుళాలకు వెళ్తుంది. దుకాణంలో కుర్రవాడు బండిని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "కాస్త తగులుతుందేమో, ఫర్వాలేదా?" అని అడిగాడు. నేను "కాస్త" అన్నది విన్నాను, "తగులుతుంది" అన్నది వినలేదు.

ఆ వారమే మా అత్తగారూ మామగారూ గుడివాడ నుంచి వచ్చారు. అల్లుడు ట్రక్కు కొన్నాడంటే ఇసుక లారీ అనుకున్నారట. చూశాక మా అత్తగారి అభిప్రాయం పెద్దగా మారలేదు. కొత్త టైర్లు వేసినందుకు వాహనపూజ చేయించాలన్నారు. పట్టుచీర కట్టుకుని బండి దగ్గరికి వచ్చి, తలుపు తీసి, లోపలి సీటును గోపురం కలశాన్ని చూసినట్టు తలెత్తి చూశారు. "బాబూ, ఇందులోకి నిచ్చెన ఏమైనా ఇస్తారా?" అని అడిగారు. మా ఆవిడ మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, పచ్చళ్ళు కలిపేటప్పుడు కూర్చునే పీట తెచ్చి నేలమీద పెట్టింది. ఆనాటి నుంచి ఆ పీట బండి వెనక తొట్టిలోనే కాపురం ఉంది.

ఫ్రిస్కోలో హనుమంతుడి గుడికి వెళ్ళాం. పంతులుగారు పసుపు, కుంకుమ, దండ అన్నీ శాస్త్రోక్తంగా కానిచ్చి నాలుగు నిమ్మకాయలు తీసుకున్నారు. ఆ టైరు ముందు నిమ్మకాయ పెడితే ఏనుగు కాలి దగ్గర ఉసిరికాయలా ఉంది. "దీనికి గుమ్మడికాయ తేవలసిందండీ" అన్నారు ఆయన నవ్వుతూ. నేను కూర్చుని బండి కదిలించాను. నిమ్మకాయలు చితికాయి. ఎదురుగా కార్లు ఉన్నాయని స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పాను.

గర్ర్ర్ర్ మని ఒక శబ్దం. ఆపాను. మళ్ళీ కదిలించాను. మళ్ళీ గర్ర్ర్ర్.

"నిమ్మకాయ ఇలా అరవదే" అన్నారు పంతులుగారు.

వెనక సీట్లో నుంచి మా అత్తగారు, "ఎక్కడో రుబ్బుతున్నట్టుంది బాబూ" అన్నారు. ఆమె అన్నది అక్షరాలా నిజం. టైరు వెళ్ళి ఫెండరు, అంటే చక్రాన్ని పైనుంచి కప్పే భాగం, లోపలి ప్లాస్టిక్‌కు ఒరుసుకోవడాన్ని ఈ దేశంలో రబ్బింగ్ అంటారు. మనవాళ్ళు రోటి దగ్గర కూర్చుని ఆ మాటను ఎప్పుడో కనిపెట్టేశారు. ముందు ఎడమ టైరు లోపలి ప్లాస్టిక్‌ను మినప్పప్పు రుబ్బినట్టు రుబ్బుతోంది. మూడోసారి తిప్పేసరికి ఒక ముక్క ఊడి, దండతోపాటు కింద వేలాడింది.

స్టీరింగు తిన్నగా ఉంటే శబ్దం లేదు. కుడికి తిప్పితే కొంచెం సణుగుతుంది, ఎడమకు తిప్పితే రుబ్బుతుంది. అందుకని ఇంటిదాకా కుడి మలుపులే వెతుక్కుంటూ వెళ్ళాను. పదిహేను నిమిషాల దారి నలభై నిమిషాలు పట్టింది. "గుడి చుట్టూ చేయాల్సిన ప్రదక్షిణం ఊరి చుట్టూ చేయించారు, పుణ్యం" అన్నారు మా అత్తగారు. ఆమె వేళాకోళం చేస్తున్నారో, నిజంగానే అంటున్నారో నాకు పెళ్ళయిన దగ్గర నుంచీ తెలియలేదు.

మామగారు అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన ఆర్టీసీ డిపోలో టైర్ల పని చూసి రిటైరయిన మనిషి. మర్నాడు పొద్దున నేను కాఫీ కప్పుతో బయటికి వచ్చేసరికి బండి దగ్గర గొంతుక్కూర్చుని, పక్కగోడ మీది అంకెలను జాతకం చూసినట్టు చూస్తున్నారు. చివరి నాలుగు అంకెలను బట్టి టైరు ఏ సంవత్సరం ఎన్నో వారంలో పుట్టిందో చెప్పారు. తర్వాత డ్రైవరు తలుపు తీసి, పక్కనున్న స్టిక్కరు మీద వేలు పెట్టారు.

"కంపెనీవాడు ఇక్కడ సైజు రాశాడు కదా బాబూ, ఎందుకు మార్చారు?"

"ఎత్తుగా ఉంటుందని, మామయ్యగారూ."

"ఎంత ఎత్తు వచ్చింది?"

నేను లెక్క వేసి చూపించాను. వ్యాసం రెండు అంగుళాల పైచిలుకు పెరిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. "అందులో సగమే ఇరుసు కిందికి వస్తుంది, బండిని లేపేది అదే. మిగతా సగం పైకి, ఫెండరులోకి పోతుంది. అదే రుబ్బుతోంది. అంటే మీరు డబ్బులు పెట్టి కొన్నది అంగుళం."

ఇంత స్పష్టంగా నా జీవితాన్ని ఎవరూ విప్పి చెప్పలేదు.

ఎలుకల నుంచి గోచీని కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి పాల కోసం ఆవును, ఆవు కోసం చివరికి సంసారాన్నే తెచ్చుకున్న సన్యాసి కథ చిన్నప్పుడు విని నవ్వాను. ఇప్పుడు ఆ సన్యాసి మీద గౌరవం కలిగింది. టైరు తగలకుండా బండి ముందుభాగం లేపే కిట్టు వేయించాను. లేపాక చక్రాల వరస తప్పిందని అలైన్‌మెంట్ చేయించాను. మూతి పైకి లేచింది కనుక హెడ్‌లైట్లు చెట్ల మీది పక్షులను వెతకసాగాయి, ఎదురొచ్చేవాళ్ళు నన్ను తిట్టసాగారు. వాటిని దించి సరిచేయించాను. మిగిలిన ప్లాస్టిక్ అంచును దుకాణంవాడు కోసేశాడు. కింద వేలాడే స్టెప్నీ మాత్రం పాత సైజే, పెద్దది ఆ చోట పట్టదు. ఎక్కడైనా పంక్చరయితే నా బండి ఒక కాలికి చెప్పూ ఒక కాలికి బూటూ వేసుకున్నట్టు ఇంటికి రావాలి.

ఇవన్నీ అయ్యాయనుకుంటుండగా హైవే మీద పోలీసు ఆపాడు. అక్కడ పరిమితి గంటకు 65 మైళ్ళు. నా మీటరు మీద 68 ఉంది, ప్రమాణం చేస్తాను. ఆయన యంత్రంలో 73. నేను గట్టిగా వాదించబోతుంటే మామగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "పెద్ద చక్రం ఒక్క చుట్టుకు జానెడుకు కాస్త తక్కువగా ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు పాత చక్రమే గుర్తు. మీరు నిజం చెబుతున్నారు, మీటరు అబద్ధం చెబుతోంది" అన్నారు తెలుగులో. ఆ తెలుగు పోలీసుకు అర్థం కాకపోవడం ఆ దేవుడి దయ. ఆయన హెచ్చరించి వదిలేశాడు.

మా ఆవిడ నెలాఖరుకు పెట్రోలు లెక్క తీసింది. గ్యాలనుకు 19 మైళ్ళు ఇచ్చే బండి 16కి దిగిందని చూపించింది. "మీటరు దూరాన్ని ఏడు శాతం తక్కువ కొలుస్తోంది, నిజానికి 17 ఇస్తోంది" అని నిరూపించాను. "మిగతా రెండు?" అంది. టైర్ల బరువు గురించి చెప్పబోయి, మంచినీళ్ళు తాగి వచ్చాను.

చివరికి పక్కన మెట్లు కూడా బిగించారు. అంటే ఎత్తు పెంచడానికి ఒకసారి, పెంచిన ఎత్తు ఎక్కడానికి ఇంకోసారి డబ్బు కట్టాను. ఆ శనివారం అందరం మళ్ళీ గుడికి బయల్దేరాం. మా అత్తగారు మెట్టు మీద కాలు పెట్టి దర్జాగా ఎక్కారు. అయినా పీట తొట్టిలో ఉండాల్సిందేనన్నారు. గుడి దగ్గర కావాలనే స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పాను. చిన్న శబ్దం కూడా లేదు. గర్వంగా అద్దంలోంచి వెనక్కి చూశాను.

మా అత్తగారి ముఖంలో ఆందోళన. ముందుకు వంగి మెల్లగా అడిగారు.

"ఈరోజు రుబ్బడం లేదేమిటి బాబూ, మళ్ళీ పాడయిందా?"