బిలియన్ డాలర్ల కంపెనీలో మన పిల్లల వాటా

స్టార్టప్‌లో చేరబోతున్న పిల్లలకు ఆఫర్ లెటర్‌లో 40 వేల షేర్లు అని రాసి ఇస్తారు. కంపెనీ మొత్తం షేర్లు 4 కోట్లయితే అది వెయ్యోవంతు, 40 కోట్లయితే పదివేలవంతు. ఆ మొత్తం ఎంతో లెటర్‌లో తరచుగా ఉండదు. అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. మొహమాటపడొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కంపెనీ విలువ బిలియన్ దాటిందంటే అంత డబ్బు ఎక్కడో ఉందని కాదు. ఒక పెట్టుబడి సంస్థ 10 కోట్ల డాలర్లు పెట్టి పదోవంతు వాటా తీసుకుంటే, ఆ లెక్కన మొత్తం విలువ 100 కోట్లని కట్టారు, అంతే. పైగా ఆ సంస్థ కొన్నది ప్రిఫర్డ్ షేరు, ఇంజినీరుకి దక్కేది కామన్ షేరు. కంపెనీ చవగ్గా అమ్ముడైతే ప్రిఫర్డ్ వాళ్లు సాధారణంగా తమ సొమ్ము ముందు తీసేసుకుంటారు. 30 కోట్లు సేకరించిన కంపెనీ 35 కోట్లకు పోతే మిగతా అందరికీ కలిపి 5 కోట్లే.

ఇన్‌స్టాకార్ట్‌కు 2021లో 39 బిలియన్లు విలువ కట్టారు. 2023 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌కి వచ్చేసరికి అది సుమారు 10 బిలియన్లు. మధ్యలో కంపెనీ మూతపడలేదు, సరుకులు ఇళ్లకు చేరవేస్తూనే ఉంది. తగ్గింది మదుపరుల అంచనా.

వాట్సాప్ కథ వేరు. 2014లో ఫేస్‌బుక్ 19 బిలియన్లకు కొంటున్నట్టు ప్రకటించేనాటికి నెలకు 45 కోట్ల మంది దాన్ని వాడుతున్నారు. ఉద్యోగులు 55 మందే, బయటి పెట్టుబడి 6 కోట్ల డాలర్ల దరిదాపుల్లోనే. విదేశాలకు ఎస్సెమ్మెస్ పంపాలంటే ఎంత ఖర్చయ్యేదో మనకు తెలియనిది కాదు. ఆ అవసరం తీర్చింది కాబట్టే పెరిగింది. తక్కువ మంది, తక్కువ పెట్టుబడి కావడంతో పంచుకోవడానికి చాలా మిగిలింది. ఇలాంటివి అరుదు.

అమెరికాలో హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్ల సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆఫర్ లెటర్‌లో రాసే షేర్లు తరచుగా ఆప్షన్లే, అంటే ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కు. చాలా కంపెనీల్లో ఉద్యోగం పోయాక 90 రోజుల్లోపు ఆ షేర్లను సొంత డబ్బుతో కొనుక్కోవాలి, లేదంటే పోయినట్టే. కొన్నా, అమ్ముకునే దారి లేని షేర్ల మీద ముందే పన్ను పడొచ్చు. ఇంటద్దె, వీసా భయం ఒకవైపు ఉంటే, నాలుగేళ్ల కష్టాన్ని నిలుపుకోవడానికి వేల డాలర్లు ఎక్కడినుంచి తెస్తారు? కొన్ని కంపెనీలు ఆ గడువును ఏళ్లకు పెంచాయి. అంటే ఇది మార్చలేని నియమమేమీ కాదు, చేరేముందే అడగొచ్చు.

మన సంఘాలు వీసాల మీద, పన్నుల మీద సదస్సులు పెడుతున్నాయి. వచ్చే సభల్లో ఒక పూట దీనికి కేటాయించాలి. ఒక లాయర్‌నీ, పన్నుల లెక్కలు చూసే ఒక సీపీఏనీ కూర్చోబెట్టి, పేర్లు తీసేసిన అసలు ఆఫర్ లెటర్లను పిల్లల ముందు వరుసవారీగా చదివించాలి. తల్లిదండ్రులు కూడా వచ్చి వినాలి.