ఏం వింటున్నారో సరే, ఎందుకు వింటున్నారు?

విజయనగరంలో కలిసి చదువుకున్న మా జట్టులో చాలామంది ఇప్పుడు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డారు. ఊళ్లో మిగిలిన మాకూ వారికీ మధ్య వాట్సాప్‌లో రోజూ పాటలు వస్తూ పోతూ ఉంటాయి. పంపినవారు లింకు పెడతారే గానీ ఒక్క మాట రాయరు, అందుకున్నవారు చేతులు జోడించిన బొమ్మ పెట్టి తమ పని చూసుకుంటారు. ఆ పాటను ఎవరైనా చివరిదాకా విన్నారో లేదో పంపినవారికి కూడా పట్టదు. ఈ అలవాటు విషయంలో నాకొక అభ్యంతరం ఉంది, దాన్ని దూరాన ఉన్న మీ ముందు పెట్టడానికి మీ సంఘ పత్రిక తగిన చోటని భావిస్తున్నాను. పాటను పంపేవారు అది తమకెందుకు నచ్చిందో కూడా చెప్పాలి, అలా చెప్పని పక్షంలో వారు పంచుకున్నది ఏమీ లేదని నా అభిప్రాయం.

మంచి పాటకు వ్యాఖ్యానం ఎందుకు, రసికుడికి అదే తెలుస్తుంది కదా అని వెంటనే అడిగేవారున్నారు. ఒకే పందిరి కింద కూర్చుని విన్న రోజుల్లో ఆ మాట నిజమే. కచేరీలో పక్కన కూర్చున్న పెద్దాయన తొడమీద తాళం వేస్తూ, ఒకానొక సంగతి (ఒకే పాదాన్ని మార్చి పాడే తీరు) దగ్గర తల ఊపి ‘ఆహా’ అన్నప్పుడు, సంగీతం రాని కుర్రవాడికి కూడా చెవి పెట్టవలసిన చోటు ఇదేనని తెలిసిపోయేది. ఎందుకు వినాలన్నది అక్కడ ఎవరూ నోటితో చెప్పనక్కరలేకుండానే ఒకరి నుంచి ఒకరికి అందేది. సముద్రాలు దాటి వచ్చే లింకులో పాట ఉంటుంది గానీ పక్కనున్న ఆ మనిషి ఉండడు. ఆయన తల ఊపిన పనిని ఇప్పుడు నాలుగు వాక్యాలు చేయవలసి ఉంటుంది.

నిజానికి ఎందుకో చెబుతూ పాడడం మా ఊరికి కొత్త కాదు. 1919లో ఇక్కడ మహారాజావారి సంగీత కళాశాల మొదలైనప్పుడు దానికి తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథా పితామహులుగా పేరు పొందినవారు. కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, ఒక్కరే కథ చెబుతూ, పాడుతూ, ఆడుతూ సభను నడిపించే ఆ కళలో కీర్తన ఎప్పుడూ ఒంటరిగా రాదు. కథ ఒక మలుపు దగ్గర ఆగినప్పుడే పాట మొదలవుతుంది కాబట్టి, ఈ పాట ఇక్కడెందుకు, ఈ రాగం ఇప్పుడెందుకు అన్న ప్రశ్నలకు జవాబు శ్రోతకు ముందే అంది ఉంటుంది. శాస్త్రం తెలియని రైతులు కూడా గంటల తరబడి కదలకుండా హరికథ వినడానికి దాసుగారి గాత్రం ఎంత కారణమో ఈ ఏర్పాటు కూడా అంతే కారణమని నేననుకుంటాను.

కారణమంటే పొగడ్త కాదు. ‘సూపర్’, ‘అద్భుతం’, ‘ఒళ్లు పులకరించింది’ అన్నవి శ్రోత స్థితిని చెబుతాయే తప్ప పాటలోకి దారి చూపవు. నేనిప్పుడు వింటున్నవాటితోనే నా ఉద్దేశం వివరిస్తాను. కొన్నాళ్లుగా రాత్రిపూట ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893–1964) వయొలిన్ రికార్డులు వింటున్నాను. నారాయణదాసు తరువాత ఆ కళాశాలకు అధ్యక్షులై, పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను సభ మధ్యకు తెచ్చినవారిలో ముఖ్యులైన ఆయనను మా ఊళ్లో అందరూ గౌరవిస్తారు, వినేవారు మాత్రం తక్కువ. ఆ కాలపు 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపున పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. కచేరీలో తీరికగా విస్తరించే రాగాన్ని అంత చిన్న జాగాలో వినిపించవలసి వచ్చిన విద్వాంసుడు ఏది వదిలాడు, ఏది ఉంచాడు, ఏ స్వరం మీద నిలబడి రాగం ముఖం చూపించాడు అన్నది గమనిస్తూ వినడమే నాకు ఇష్టం. కమాను ఎక్కడా తొందరపడదు, సమయం చాలదన్న బెంగ ఎక్కడా వినిపించదు. ఇంత చెప్పి పంపితే, మూడు నిమిషాలకు మించి ఓపిక పట్టలేని మీ అబ్బాయి కూడా ఒకసారి వింటాడేమో. ఉత్త లింకు పంపితే, పాత రికార్డు గరగరలు విని పది సెకన్లలో ఆపేస్తాడు.

ఘంటసాలగారి పద్యాలు ఎందుకు వింటానంటే ఇంకో కారణం ఉంది. నాటకాల్లో పద్యం చివర రాగాన్ని చాలాసేపు సాగదీసి చప్పట్లు కొట్టించుకోవడం అలవాటుగా ఉన్న కాలంలో, ఆయన ఆ సాగతీతను తగ్గించి, ప్రతి మాటా విడిగా చెవికి తగిలేలా, అర్థం వెంట రాగం నడిచేలా పాడారు. కుర్రతనంలో విజయనగరం వచ్చి, వారాలకూ మధుకరానికీ తిరిగి పొట్ట నింపుకుంటూ, సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్న వైనం అందరికీ తెలిసిందే. ఆ కథ తెలిసినవారిలో ఎంతమంది, గురువు అబ్బాయి పట్రాయని సంగీతరావుగారు తరువాత మద్రాసులో ఆ శిష్యుడి పక్కనే ఏళ్ల తరబడి సంగీత సహకారం అందించారని ఎరిగి వింటున్నారు? ఆ సంగతి తెలిస్తే వెనుక వినిపించే వాద్యాల మీదికి కూడా చెవి వెళుతుంది.

కారణం శాస్త్ర సంబంధమే కానక్కరలేదు. పి. సుశీలగారి పాటను ఎవరైనా ‘ఇది మా అమ్మ వంట చేస్తూ పాడేది, రెండో చరణం ఆమెకు ఎప్పుడూ గుర్తుండేది కాదు’ అని రాసి పంపితే నేను ఆ పాటను రెండుసార్లు వింటాను. సుశీలగారు మా ఊళ్లో పుట్టి, మా సంగీత కళాశాలలోనే చదువుకున్నారన్న గర్వం అందుకు చాలదు. ‘మన ఊరి గాయని కాబట్టి వినండి’ అనడం ఊరి గొప్ప చెప్పుకోవడమే అవుతుంది గానీ వినడానికి కారణం కాదు.

పాటలను ఎంచి ఇచ్చే యాప్‌లున్నాయి కదా అంటారు. ఇది విన్నవారు అదీ విన్నారన్న లెక్క కట్టి అవి తరువాతి పాటను మన ముందు పెడతాయి, ఆ పని బాగానే చేస్తాయి. అయితే అంతకు ముందెవరూ ఎక్కువగా వినని పాటను అవి వెతికి తేవడం అరుదు. ఉత్తరాంధ్ర పాటకు జరిగే నష్టం ఇక్కడే ఉంది.

శ్రీకాకుళం పల్లెల్లో జముకుల కథ విన్నవారికి ఆ వాద్యం ఎలా పలుకుతుందో చెప్పనక్కరలేదు. ఒకవైపు తోలు మూసిన డొల్లలోంచి వచ్చే తీగను లాగి బిగిస్తూ, వదులుతూ మీటినప్పుడు పుట్టే ఆ ధ్వని మనిషి మాటలాగే ఎగసి దిగుతుంది, కథకుడు ప్రశ్న వేస్తే జముకు జవాబిస్తున్నట్టు ఉంటుంది. గుండెకు కట్టిన తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ, గజ్జెల కాళ్లతో గెంతుతూ వలయంగా తిరిగే తప్పెటగుళ్ల బృందంలో పాట, ఆట, వాద్యం ఒకే ఒంట్లో ఉంటాయి. వీటి రికార్డింగులు తక్కువ, ఉన్నవాటిలో గాలి శబ్దమూ జనం కేకలూ ఎక్కువ. పక్కన నిలబడి ఇది వినండి, ఇందుకు వినండి అని చెప్పే మనిషి లేకుండా ఇవి సముద్రం దాటలేవు. చెప్పగలిగిన మనం చెప్పం. ఎందుకంటే మనం పంపే పాట మనం వినే పాట కానక్కరలేదు, నలుగురిలో మనమెలా కనిపించాలనుకుంటున్నామో దాన్నిబట్టి ఎంచుకుంటాం. పొద్దున్నే అన్నమయ్య కీర్తన పంపే పెద్దమనిషి కారులో ఏం వింటాడో ఆయన పిల్లలను అడగాలి. సినిమాలు చాలాకాలం పాటు మన యాసను నౌకరు పాత్రలకూ హాస్యానికీ కేటాయించిన ఫలితంగా, ఆ యాసలో ఉన్న పాటను పదిమందిలో పెట్టడానికి మనకు ఇప్పటికీ ఏదో జంకు ఉంది. విప్లవ గాయకుడు వంగపండు ప్రసాదరావు (1943–2020) ఆ జంకు లేకుండా, పల్లెజనం ఎరిగిన బాణీల్లోనే, వారి నుడికారంతోనే పాట కట్టి, గజ్జె కట్టి పాడారు. ఆయన రాజకీయాలతో మీకు పేచీ ఉండవచ్చు. పాట ఎత్తుకోగానే జనం చేత అందుకునేలా చేసే ఆ నేర్పు కోసమైనా వినండి.

ఇక్కడికి వచ్చిపోయేటప్పుడు గొల్లపల్లిలో చేసిన చిన్న బొబ్బిలి వీణ బొమ్మను పెట్టెలో పెట్టుకుని వెళ్లేవారు మీలో చాలామంది ఉంటారు. పనస చెక్కతో ఆ ఊళ్లో అసలు వీణలు కూడా చేస్తారు. షోకేసులో ఆ బొమ్మ ఉన్న ఇళ్లలో వీణ కచేరీ ఒక్కటైనా మోగితే బాగుండును.

మీ పత్రిక సంపాదకులకు నా సూచన ఇది. ప్రతి సంచికలో అరపేజీ కేటాయించి, సభ్యులలో ఒకరిచేత తాము వింటున్న ఒకే ఒక్క పాట గురించి రాయించండి. పది వాక్యాలు దాటనివ్వకండి, ‘అద్భుతం’ అన్న మాట వస్తే కొట్టివేయండి, పాటలో ఏ చోట చెవి పెట్టాలో మాత్రం తప్పక చెప్పమనండి. ఇక్కడి భాష సగమే తెలిసిన మీ పిల్లలు తాము వినే ఇంగ్లీషు పాటల గురించి రాసినా అదే నియమం పెట్టి వేయండి, ఎందుకు వింటున్నారో వారు చెబితే పెద్దలు కూడా వినడం నేర్చుకుంటారు. ఏడాదిలో ఒక్క సంచికనైనా సొంత ఊరి పాటకు కేటాయించండి. దానికి రికార్డు దొరకకపోతే, ఊళ్లో ఆ పాట వచ్చిన పెద్దవారిని ఫోనులో పాడమని అడిగి, వారి అనుమతితో వారి పేరు వేసి, ఆ పాటను ఏ పని చేస్తూ పాడేవారో కూడా వారి మాటల్లోనే రాసి పంపండి.