కాలర్ ట్యూన్‌తో సరిపెడితే ఎలా?

ఎవరికి ఫోన్ చేసినా, అవతలివాళ్లు ఎత్తేలోపు సైబర్ మోసాల గురించి ఒక హెచ్చరిక వినిపించేది గుర్తుందా? 2024 చివర్లో మొదలై నెలల తరబడి నడిచింది ఆ ప్రచారం. ఉద్దేశం మంచిదే, కానీ ఇదెప్పుడు ఆగుతుందా అని విసుక్కుంటూ విన్నవాళ్లే ఎక్కువ. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్ట్' అనేది మన చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో స్వయంగా చెప్పారు. అయినా వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం కనిపించగానే వణికిపోయి, జీవితమంతా కూడబెట్టుకున్నది ఎవరో ముక్కూమొహం తెలియనివాడి ఖాతాలో వేసేస్తున్నవాళ్లలో రిటైరైన టీచర్లున్నారు, బ్యాంకుల్లో పనిచేసినవాళ్లున్నారు, డాక్టర్లున్నారు. హెచ్చరిక వీళ్ల చెవిన పడే ఉంటుంది. భయం పట్టుకున్న ఆ గంటలో అది గుర్తుకు రాలేదు, అంతే.

అలాగని అవగాహన ప్రచారాలతో ఉపయోగం లేదని మేము అనడం లేదు. ఉపయోగం ఎంతుందో గద్వాలను చూస్తే తెలుస్తుంది.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ గ్యాంగ్ దిగిందని వాట్సాప్‌లో వీడియోలు ఊరూరా పాకాయి. వాటిలో బాగా తిరిగిన ఒకటి అసలు మన దేశానిదే కాదు, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పడానికి పాకిస్థాన్‌లోని కరాచీలో తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఉన్న సందేశాన్ని కత్తిరించేసి, నిజంగా జరిగిన కిడ్నాప్ అన్నట్టు ఎవరో వదిలారు. అదీ, అలాంటివీ కలిసి దేశమంతటా మనుషుల్ని చంపించాయి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపారు. అదే నెలలో బీదర్ జిల్లా ముర్కీ దగ్గర, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ఇంజినీరు ప్రాణం పోయింది.

అదే పుకారు గద్వాల పల్లెల్లోకీ వచ్చింది. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులు వేసుకుని లోపల పడుకుంటున్నారని, కొత్తవాళ్లు కనిపిస్తే ఊరు ఊరంతా అనుమానంగా చూస్తోందని ఊళ్లలో తిరిగే కానిస్టేబుళ్లు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పత్రికా ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. ప్రతి ఊరికీ పోలీసుల్ని పంపారు, దండోరా వేయించారు, డప్పులతో, పాటలతో జానపద కళాకారులను వెంటబెట్టి రచ్చబండ దగ్గరే జనంతో మాట్లాడించారు. ఆ వీడియో ఎక్కడిదో, ఎలా మార్చారో అక్కడే విడమరిచి చెప్పారు. ఆమె పరిధిలోని 400కు పైగా ఊళ్లలో ఈ పుకారు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఇది పనిచేయడానికి కారణం ఒకటే అనిపిస్తుంది మాకు: చెప్పింది ఊరివాళ్లకు పేరు పేరునా తెలిసిన కానిస్టేబుల్, చెప్పింది వాళ్ల మాటల్లో, అదీ గుంపు కర్రలు పట్టుకోకముందే.

ఆ ఏడాదే కేరళలోని కన్నూర్‌లో అప్పటి కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ ఇంకో దారిలో వెళ్లారు. అంతకుముందు ఏడాది మీజిల్స్-రుబెల్లా టీకా మీద వచ్చిన పుకార్లు నమ్మి తల్లిదండ్రులు పిల్లలకు టీకా వద్దన్న చేదు అనుభవం ఉంది కదా, అందుకని దాదాపు 150 ప్రభుత్వ బడుల్లో తప్పుడు వార్తల గురించి పాఠాలు పెట్టించారు. పిల్లలు ఇంటికెళ్లి తాతయ్యల ఫోన్లలో ఫార్వర్డులు చూసి, 'ఇది ఎవరు పంపారు, ఎక్కడిది' అని అడగడం మొదలుపెడితే అంతకంటే మంచి ప్రచారం ఏముంటుంది? తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది బడిలో ఉండాలి, మార్కుల టెన్షన్ లేకుండా, వారానికో పీరియడ్. ఇప్పుడు ఏఐతో మన అమ్మాయి గొంతుతోనే 'నాన్నా, డబ్బు పంపించు' అని ఫోన్ చేయించే రోజులొచ్చాయి. ఆరో తరగతి నుంచే మొదలుపెట్టినా తొందరేమీ కాదు.

2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఐదు చాట్‌లకు పరిమితం చేసింది. దానివల్ల పుకారు వేగం తగ్గుతుంది కానీ, నమ్మాలో వద్దో తేల్చుకోవడం మనిషికి రాదు. ఇంకో మాట కూడా నిక్కచ్చిగా చెప్పాలి. పుకార్లను అరికడతామంటూ ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్ల మీద కేసులు పెట్టడం అవగాహన ప్రచారం కిందికి రాదు. ఆన్‌లైన్‌లో రాసిన రాతల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66-ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. ఎదుటి పార్టీవాళ్ల వీడియోలను మార్ఫింగ్ చేసి గ్రూపుల్లో వదిలే సోషల్ మీడియా విభాగాలను పెంచి పోషిస్తూ, మరోపక్క జనానికి 'బాధ్యతగా ఉండండి' అని చెప్పే నాయకులను ఎవరు నమ్ముతారు? ముందు తమ కార్యకర్తలకు పెట్టాలి ఆ క్లాసు.

రెండు ప్రభుత్వాలకూ మేము చెప్పేది ఇది. హోర్డింగుల మీద పెట్టే ఖర్చులో కొంత తీసి, రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా ఉన్న పొదుపు సంఘాల సమావేశాల దగ్గరికి మనుషుల్ని పంపండి. నెలకోసారి కూర్చునే ఆ అక్కచెల్లెళ్ల ముందు లోన్ యాప్ ఎలా బుట్టలో వేస్తుందో, నకిలీ పోలీసు ఎలా మాట్లాడతాడో నటించి చూపించండి, వాళ్ల చేత కూడా చేయించండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని, ఎంత త్వరగా చేస్తే మోసగాడు తీసుకోకముందే ఆ సొమ్మును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువని చెప్పండి. సిగ్గుతో ఇంట్లో చెప్పుకోలేక రెండు రోజులు ఊరుకున్నవాళ్లకు ఆ అవకాశం దాదాపు పోతుంది. కాబట్టి మోసపోవడం తప్పేం కాదని, తిట్టకుండా ఫిర్యాదు రాసుకోవాలని స్టేషన్లలో రైటర్లకు కూడా ఇదే విడతలో శిక్షణ ఇవ్వండి.