తాండూరు బండలంటే అంత చిన్నచూపు ఎందుకు?

ఇల్లు కట్టేటోళ్లు, పాత ఇంటికి రిపేర్ పెట్టుకున్నోళ్లు, నేలకు తాండూరు బండనే ఎందుకు మంచిదో జర ఓపికతోటి చదువుండ్రి. ఈ మధ్య హన్మకొండల ఏ ఫ్లోరింగ్ షాపుకి పోయినా డబ్బా మీద పచ్చ ఆకు బొమ్మ, పక్కన ఎకో ఫ్రెండ్లీ అని రాసి ఉంటాంది, లోపల సూస్తే వినైల్. వినైల్ అంటే పీవీసీ, అంటే ప్లాస్టిక్కే. సూడనీకి కట్టె లెక్క ఉంటది, తడిసినా ఏం గాదు, తొందరగ పరిచి పోతరు, అవన్నీ నిజమే, మరి కొన్నేండ్లకు అంచులు లేసినంక దాన్ని ఎక్కడ పారేస్తరు? మన దగ్గర చెత్తకుప్పకు అగ్గి పెట్టుడు ఎంత మామూలో అందరికీ ఎరుకే, పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు గ్యాస్ వస్తది, డయాక్సిన్లనే విషాలు గూడ పుడతయి, ఆ పొగ పీల్చేది ఆ గల్లీ పిల్లలే. ఆ డబ్బా మీది సర్టిఫికెట్లు చానా వరకు చెప్పేది ఇంట్ల గాలిలకు కెమికల్ తక్కువ వదులుతది అని మాత్రమే, అది ఎట్ల తయారైంది, చివరికి ఏమైతది అన్న సంగతి వాటిల ఉండదు.

నా మటుకు నేనైతే సూటిగ చెప్తా, వరంగల్ చుట్టుపక్కల ఇల్లు కట్టేటోనికి తాండూరు బండను మించింది లేదు. ఈ మాట అంటే మా చిన్నమ్మ, "బండలు వాకిట్లకు, మెట్లకు వేస్కుంటరు గని హాల్ల వేస్తరా బిడ్డా, సుట్టాలొస్తే ఏమనుకుంటరు" అన్నది. ఈ సుట్టాల భయంతోనే సగం ఇండ్లల్ల అద్దం లెక్క మెరిసే టైల్స్ పడ్డయి, జర తడి ఉంటే ముసలోళ్లు గోడ పట్టుకొని నడుస్తాండ్లు.

తాండూరు ఉన్నది వికారాబాద్ జిల్లాల, మనకు దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు. ఆ రాయి సున్నపురాయి, భూమిల పొరలు పొరలుగనే ఉంటది, పొరల సందున ఉలి పెట్టి కొడితే పలక లెక్క లేసొస్తది, అంచులు మిషన్ మీద కోస్తరు, పాలిష్ పరిచినంక ఇంట్లనే పడతరు. బట్టీ ముచ్చటే లేదు. అదే విట్రిఫైడ్ టైల్‌ను మట్టి, ఫెల్డ్‌స్పార్ పొడి గట్టిగ ఒత్తి 1200 డిగ్రీల దాక కాల్చాలె. ఎక్కువ మాల్ వచ్చేది గుజరాత్‌ల మోర్బీ నుంచి. అక్కడ బట్టీలకు బొగ్గు గ్యాసిఫయర్లు, అంటే బొగ్గును గ్యాస్ చేసే మిషన్లు వాడి నీళ్లను, గాలిని ఎంత పాడు చేసిండ్లంటే 2019ల నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ అనే పర్యావరణ కోర్టు వాటిని మూసేయమన్నది. ఇప్పుడు గ్యాస్‌తోటే, నేచురల్ గ్యాస్, ప్రొపేన్ అసొంటిదాంతోటి కాలుస్తాండ్లు, అయినా అది కాల్చుడే, ఆ మీద లారీల వెయ్యి కిలోమీటర్ల పైన ప్రయాణం.

ఇంకోటి, గ్లేజ్డ్ టైల్‌కు డిజైన్ పైపొరలనే ఉంటది, అది అరిగితే కథ అయిపోయినట్టే, ఒకటి పలిగితే అదే డిజైన్ మళ్ల దొరకదు. బండ అడుగుదాక ఒకటే రాయి. పాత బండల మీద పాలిష్ మిషన్ తిప్పుతుంటే ఎప్పుడన్న సూసిండ్లా, బూడిద రంగు బురద లెక్క నీళ్లు కారుతయి, మేస్త్రి వైపర్‌తోటి ఆ నీళ్లు ఒక్కసారి గుంజిండంటే కింద నీలం రంగు బండ కొత్తగ తేలుతది, ఏండ్లకేండ్ల మరకలు పోతయి.

ఇబ్బందులు లేవని అంటలేను. సున్నపురాయి గదా, నిమ్మరసం, చింతపండు పులుసు పడి ఉంటే మచ్చ పడతది, బాత్రూం యాసిడ్ దగ్గరికి గూడ రానియ్యద్దు. మందం ఒక్క తీరుగ ఉండదు కాబట్టి కింద సిమెంటు ఇసుక మాల్ ఎక్కువ పడతది, సిమెంటు ఖర్చు పెరుగుతది. తవ్విన కాడ గుంతలు గుంతలుగ వదిలేస్తరు, దాని మీద సర్కార్ గట్టిగ ఉండాలె. ఇవన్నీ కలిపి లెక్కేసినా నేను బండకే ఓటేస్త.

మరి గ్రానైట్ కరీంనగర్లనే ఉంది గదా అంటరు. దగ్గరే, గట్టిదే, యాసిడ్‌కు తట్టుకుంటది. కానీ అటు దిక్కు పోయేటప్పుడు గుట్టలు సూడుండ్రి, సగం కోసిన గుట్టలు, కొన్ని గుట్టలైతే జాడనే లేవు. ఆ రాయిల చానా వరకు కాకినాడ పోర్టు నుంచి చైనాకు పోయింది, మనకు మిగిలింది దుమ్ము, బ్లాస్టింగ్‌కు బీటలు పడ్డ గోడలు. ఒక గుట్ట పోతే దాని కింద చెరువుకు వచ్చే వాన నీళ్ల దారి గూడ పోతది, నాకు ఇది తలుసుకుంటే కడుపుల మండుతది. గ్రానైట్ గావాల్నంటే వంటగట్టుకు, షెల్ఫులకు కటింగ్ ఫ్యాక్టరీల కాడ కట్ పీసులు తెచ్చుకోండ్రి, అవి ఎట్లాగు పక్కకు పడేసేటియే.

అన్నిటికన్న నాకు బాధయ్యేది బాగున్న నేల పలగ్గొట్టుడు. కాజీపేటల మా మేనత్తోళ్లది పాత ఇల్లు, షాబాద్ బండలు, అయ్యి గూడ తాండూరు లెక్క సున్నపురాయే, తాత కాలంల సున్నం ఇసుక మీద పరిచినయి. కాంట్రాక్టర్ వచ్చి బ్రేకర్‌తోటి పలగ్గొడతా అన్నడు. మా బావ ఒప్పుకోలె, గడ్డపార పెట్టి ఒక మూలకు లేపి సూస్తే బండ సాఫుగ లేసింది, అడుగు మొఖం చెక్కు చెదరలే. మంచియి ఏరి లోపలి రూములల్ల మళ్ల వేసిండ్లు, మూలలు ఊడినయి కోసి వెనక పెరట్ల వేసిండ్లు, కొత్తయి కొన్నది కొంచమే. అడ్హెసివ్ వేసి అతికించిన టైల్‌ను ఇట్ల లేపుండ్రి సూద్దాం, ముక్కలు తప్ప ఏం రావు.

ఆ ముక్కలు, ఆ మల్బా, అంటే పలగ్గొట్టిన చెత్త, ఎటు పోతాందో గూడ అడగాలె. 2016 నుంచే కన్‌స్ట్రక్షన్ వేస్ట్ రూల్స్ ఉన్నయి, అయినా రాత్రిపూట ట్రాక్టర్ల తీస్కపోయి చెరువు కట్ట పక్కన, నాలాల పోస్తనే ఉన్నరు. 2020 ఆగస్టుల హన్మకొండ కాలనీలల్ల నడుముల దాక నీళ్లు నిలిచినయి, మర్చిపోయే ముచ్చటనా అది. కాబట్టి పని మొదలువెట్టకముందే కాంట్రాక్టర్‌ను రెండు అడుగుండ్రి, పాత బండ పలగకుండ లేపుతవా, మల్బా ఎక్కడ పోస్తవు అని, రెండోదానికి "అది నేను సూస్కుంట సార్" అన్నడంటే ఆ పని ఇంకో మేస్త్రికి ఇయ్యుండ్రి.