"తాతా, ఇంకోసారి పడతావా?"

కారెంపూడి వీరుల తిరునాళ్లలో చివరి రోజు కల్లిపాడు. పల్నాటి యుద్ధంలో కూలిన వాళ్లను తలుచుకుంటూ వీరుల ఆయుధాలను కొలిచే ఆచారవంతులు ఆ రోజు నేలకు ఒరుగుతారు. పోయినేడు నా ముందే డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన అలా ఒరిగి, కాసేపటికి లేచి పంచెకున్న దుమ్ము దులుపుకుంటున్నాడు. పక్కనున్న కుర్రాడు ఫోన్ చూసుకుని, "తాతా, వీడియో సరిగ్గా రాలేదు, ఇంకోసారి పడతావా?" అన్నాడు.

పెద్దాయన వాడి మొహంలోకి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నేనూ ఏమీ అనలేదు. అప్పుడు మింగేసిన మాట ఇప్పుడు రాస్తున్నా. మళ్లీ కార్తీకం వస్తోంది, మళ్లీ స్టేటస్‌లు మొదలవుతాయి. "పల్నాటి పౌరుషం", "పులులు పుట్టిన గడ్డ", వెనకాల డీజే బిట్టు, కత్తి పైకెత్తి స్లో మోషన్.

ఒరే నాయనా, అది గెలిచినందుకు చేసుకునే పండగ కాదు. ఆ అయిదు రోజుల పేర్లు ఒక్కసారి పైకి చదువు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఇందులో గెలుపు ఏ రోజు ఉంది?

కార్తీక అమావాస్యనాడు మొదలవుతుంది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఆచారవంతులు వీరుల ఆయుధాలు, అంటే కొణతాలు, మోసుకొస్తారు. నాగులేట్లో స్నానాలు చేసి వీరుల గుడికి చేరతారు. కథేమో 12వ శతాబ్దం నాటిది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే. ఈ రెండు ఊళ్ల మధ్య ఇప్పుడు బస్సెక్కితే పల్లీల పొట్లం అయిపోయేలోపు దిగిపోవచ్చు. ఆపాటి దూరంలో ఉన్న అన్నదమ్ములు కోడిపందెం కాసి, ఓడినవాళ్లను ఏడేళ్లు వలస పంపి, గడువు తీరాక కూడా రాజ్యం ఇవ్వక, చివరికి కారెంపూడి దగ్గర ఒకరినొకరు నరుక్కున్నారు.

కథ వరసలో కోడిపోరు ముందు, రాయబారం తర్వాత. తిరునాళ్లలో మాత్రం కోడిపోరు నాలుగో రోజు, సరిగ్గా అందరూ ఒరిగే రోజుకు ముందు. ఎందుకలా పెట్టారో గానీ, నాకైతే అది సరైన చోటే అనిపిస్తుంది. మలిదేవరాజు మంత్రి బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు ఓడిపోవడం చూసి ఇంటికెళ్లి పడుకుంటాం. తెల్లారి చూసేదంతా దాని ఫలితమే.

మా నాయనమ్మకు రాయబారం రోజంటే ప్రాణం, భయం కూడా. మలిదేవరాజు తరఫున సంధి మాటలు మాట్లాడటానికి వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపుతారు. ఆ అలరాజు ఎవరనుకున్నారు? నలగామరాజుకు సొంత అల్లుడు. భర్త పోయాక పేరిందేవి సహగమనం చేస్తుంది. వీరవిద్యావంతులు ఆ ఘట్టం పాడుతుంటే నాయనమ్మ ఏటా ఏడ్చేది. చచ్చిపోతాడని తెలుసు, అయినా ఈసారైనా ఆ విషం తినకుండా ఉంటాడేమో అన్నట్టు కూర్చునేది. ఆమె నోటి నుంచి 'పౌరుషం' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. "బిడ్డలు పోయారయ్యా" అనేది.

చిన్నప్పుడు మా బడిలో డిసెంబరు 7న సైనికుల పతాక దినమని చిన్న జెండా స్టిక్కర్ ఇచ్చి డబ్బులు తీసుకునేవాళ్లు. ఆ డబ్బు అమరుల కుటుంబాలకూ మాజీ సైనికులకూ వెళ్తుందని మాకెవరూ చెప్పలేదు. చొక్కాకు అంటించుకుని, సాయంత్రానికి ఎక్కడో రాలగొట్టుకుని వచ్చేవాళ్లం. యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకోవడమంటే ఏమిటో నాకు కాస్తయినా తెలిసింది నాయనమ్మ పక్కన కూర్చున్నందువల్లే.

ఇక అసలు మంట పుట్టించేది ఇంకోటుంది. బ్రహ్మనాయుడు మావాడంటే మావాడని కులాల వారీగా ఫ్లెక్సీలు, పేజీలు, కామెంట్లలో బూతులు. మందపోరు రోజు ఏం చేస్తారో వీళ్లకు తెలుసా అని నా అనుమానం. ఆవులమందను కాస్తూ చచ్చిపోయిన లంకన్నను తలుచుకునే రోజది. రాజు కాదు, సేనాపతి కాదు, పశువుల కాపరి. ఆ రోజే చాపకూడు పెడతారు. అన్ని కులాలవాళ్లూ ఒక్కచోట కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు మొదలుపెట్టిన పంక్తి అది. మాల కులంలో పుట్టిన కన్నమదాసును ఆయన పెద్దకొడుకన్నాడు, సేనను చేతికిచ్చాడు. ఆయన కొడుకు బాలచంద్రుడి వెంట తమ్ముళ్లుగా యుద్ధానికి నడిచినవాళ్లలో కుమ్మరి ఉన్నాడు, చాకలి ఉన్నాడు, మంగలి ఉన్నాడు. ఇంతమందిని పక్కకు నెట్టేసి, ఆయన ఫొటో కింద నీ కులం పేరు రాసుకుంటే ఆయనకు దక్కే గౌరవమేంటో నాకు అర్థం కాదు. చాపకూడు దగ్గర కూడా పక్కవాడు ఎవరో కనుక్కుని జరిగి కూర్చున్న మనిషిని నా కళ్లతో చూశాను. మా బంధువే, పేరెందుకులే.

బ్రహ్మనాయుడితో కోడిపందేనికి దిగిన నలగామరాజు మంత్రి నాగమ్మ మీద పోస్టుల గురించి కూడా ఒక ముక్క. "ఒక్క ఆడదాని వల్ల ఇంత నాశనం" అట. పందేనికి సరేనన్నది ఎవరు? కత్తులు పట్టినవాళ్లు ఎవరు? ఆ కాలంలో మంత్రిగా రాజ్యం నడిపిన మనిషి ఆమె. తప్పులు చేసింది, సరే. తక్కినవాళ్ల తప్పులకు మాత్రం పౌరుషమని పేరు పెట్టుకున్నాం.

తిరునాళ్లలో రంగులరాట్నం, జీళ్లు, గాజుల కొట్లు ఉండకూడదని నేననట్లేదు. నాయనమ్మ కళ్లు తుడుచుకుని నేరుగా జీళ్ల కొట్టుకే తీసుకెళ్లేది. ఫొటోలూ తీసుకోండి, నేనూ తీస్తాను. ఒరిగిన మనిషిని మళ్లీ పడమనొద్దు, అంతే.

ఈసారి నేను మూడో రోజుకల్లా అక్కడుంటాను. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లుంటే చెప్పండి, కారులో ఇద్దరికి చోటుంది. చాపకూడులో ఎవరి పక్కన కూర్చోవాల్సి వస్తుందో మాత్రం ముందే అడక్కండి.